గోమార్లు పట్టిన కుక్కకు ఫైలేరియా వస్తుందా? నెత్తుటి పురుగు, చర్మపు పురుగుల కథ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫైలేరియా అన్న మాట వినగానే ఎవరికైనా కళ్ళముందు మెదిలేది బోదకాలే. వాచి బరువెక్కిన కాలిని అరుగు మీద చాపుకుని కూర్చున్న పెద్దవాళ్ళను చూడకుండా పెరిగినవాళ్ళు మా తరంలో తక్కువ. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి డి.ఇ.సి., ఆల్బెండజోల్ మాత్రలు మింగించి వెళ్ళడం కూడా ఇక్కడివారికి తెలిసినదే. అందుకే "కుక్కల గోమార్లు (పిడుదులు) కూడా ఫైలేరియా పురుగుల్ని మోస్తాయట" అన్న మాట ఎక్కడో చదివినవారు, విన్నవారు ఒక్కసారిగా కలవరపడతారు. కిందటి వర్షాకాలంలో మా వీధిలోని ఒక కుటుంబం నన్ను రెండు ప్రశ్నలు అడిగింది. వాళ్ళ కుక్క చెవుల నిండా గోమార్లున్నాయి, పిల్లలు దానితోనే పడుకుంటారు, మరి పిల్లలకు బోదకాలు వస్తుందా అన్నది మొదటిది. ఇంట్లో మిగిలిన డి.ఇ.సి. మాత్రలు కుక్కకు వెయ్యవచ్చా అన్నది రెండోది.

మొదటిదానికి సమాధానం రాదు అనే. రెండోది వెయ్యకూడదు, అది ప్రమాదం కూడా. అయితే ఈ రెండు సమాధానాలూ ఎందుకు అలా ఉన్నాయో తెలియాలంటే ఫైలేరియా అన్న ఒక్క మాట కింద కలగాపులగమైపోయిన కొన్ని వేర్వేరు సంగతులను విడదీసుకోవాలి.

ఫైలేరియా అంటే ఒక పురుగు కాదు, ఒక వంశం

ఫైలేరియా అనేది దారంలా సన్నగా, పొడుగ్గా ఉండే గుండ్రటి పురుగుల వంశానికి పేరు. ఈ వంశంలోని పెద్ద పురుగులు జంతువు శరీరంలో ఏదో ఒక చోట స్థిరపడతాయి. కొన్ని శోషరస నాళాల్లో, కొన్ని గుండెలో, కొన్ని చర్మం కింద పొరల్లో ఉంటాయి. వీటిలో మగ, ఆడ వేరు. రెండూ ఒకే శరీరంలో కలిస్తేనే సంతానం. ఆడ పురుగు గుడ్లు బయటకు పెట్టదు, కంటికి కనిపించనంత చిన్న పిల్లపురుగులను వదులుతుంది. వీటినే మైక్రోఫైలేరియా అంటారు. ఇవి ఆ శరీరంలో ఎంతకాలం తిరిగినా పెద్ద పురుగులు కాలేవు. పెరగాలంటే రక్తం తాగే ఏదో ఒక చిన్న జీవి వీటిని మింగాలి, ఆ జీవి లోపల ఇవి రెండుసార్లు తోలు మార్చుకుని మూడో దశకు చేరాలి, ఆ తర్వాత అదే జీవి ఇంకొక శరీరాన్ని కుట్టినప్పుడు అందులోకి దిగాలి. మధ్యలో మోసే ఈ జీవినే వాహకం అంటారు. ఈ మూడో దశకు చేరిన పిల్లపురుగుకే కొత్త శరీరంలో స్థిరపడే శక్తి ఉంటుంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. వాహకం లోపల ఫైలేరియా పురుగు పెరుగుతుందే గానీ సంఖ్యలో పెరగదు. పది పిల్లపురుగులు లోపలికి వెళితే, అన్నీ బతికినా, బయటకు వచ్చేవి పదే. గోమార్ల ద్వారానే కుక్కలకు వచ్చే ఎర్లిఖియా బాక్టీరియా, బబీసియా సూక్ష్మజీవి అలా కావు, అవి గోమారి లోపల కూడా పిల్లాపాపలతో పెరిగిపోతాయి. గోమారి వల్ల వచ్చే జబ్బులన్నీ ఒకే తీరున వ్యాపిస్తాయని అనుకోవడం పొరపాటు కావడానికి ఇది మొదటి కారణం.

మన బోదకాలుకు కారణమైన పురుగు పేరు వుచెరేరియా బాన్‌క్రాఫ్టీ. దీన్ని మోసేది క్యూలెక్స్ జాతి దోమ. ఈ పురుగు పెరిగి పిల్లలు పెట్టగలిగేది మనిషిలోనే, కుక్క దీనికి నిలయం కాదు. కుక్కలకు వచ్చే ఫైలేరియా పురుగులు వేరు, అందులోనూ రకాలున్నాయి. డైరోఫైలేరియా ఇమిటిస్ అనేది కుక్క గుండెలోనూ ఊపిరితిత్తుల ధమనుల్లోనూ ఉంటుంది. మన దేశంలో ఇది ముఖ్యంగా ఈశాన్య రాష్ట్రాలలో కనిపిస్తుంది. దాని దగ్గరి చుట్టం డైరోఫైలేరియా రెపెన్స్ చర్మం కింద ఉంటుంది, కేరళలో కుక్కల్లోనే కాక అప్పుడప్పుడు మనుషుల కంటి దగ్గర కూడా బయటపడింది. ఈ రెండింటినీ మోసేది దోమే. గుండె పురుగు గోమారి వల్ల రాదు. గోమారి మోసే పురుగుల జాతి పేరు సెర్కోపితిఫైలేరియా. పేరు పలకడానికి కష్టం, కానీ ఈ వ్యాసమంతా దాని గురించే.

దోమది సూది పని, గోమారిది గుంట పని

ఒక పురుగును దోమ మోయాలా, గోమారి మోయాలా అన్నది దేన్నిబట్టి తేలుతుంది? నా దృష్టిలో ఈ విషయం మొత్తానికి కీలకం ఈ ప్రశ్నే, ఇది అర్థమైతే మిగతావన్నీ దానంతటవే విడిపోతాయి.

ఆడ దోమ తన సన్నని సూదితో చర్మం కింద వెతికి, సన్నటి రక్తనాళంలోకి గుచ్చి, నిమిషాల్లో రక్తం పీల్చుకుని ఎగిరిపోతుంది. కాబట్టి దోమకు దొరకాలంటే పిల్లపురుగు ఆ సమయానికి రక్తంలోనే ఉండాలి. బోదకాలు పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల లోతైన నాళాల్లో దాగి, రాత్రి పది దాటాక చర్మం దగ్గరి నాళాల్లోకి వస్తాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా రాత్రే. ఫైలేరియా సిబ్బంది రాత్రిపూట వచ్చి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకోవడానికి కారణం ఇది.

గోమారి తీరు పూర్తిగా వేరు. దానికి సూది లేదు. నోటి ముందున్న రెండు చిన్న కత్తుల వంటి అవయవాలతో చర్మాన్ని కోసి, వెనక్కు తిరిగిన పళ్ళున్న ఒక మేకు వంటి భాగాన్ని ఆ గాయంలో దించుతుంది. చుట్టూ సిమెంటులా గట్టిపడే ద్రవాన్ని వదిలి తనను తాను అతికించుకుంటుంది. చేత్తో లాగితే గోమారి తొందరగా ఊడిరాకపోవడానికి, కొన్నిసార్లు నోటి ముక్క చర్మంలోనే మిగిలిపోవడానికి కారణం ఈ అతుకు. తర్వాత రక్తం గడ్డకట్టకుండా, నొప్పి తెలియకుండా చేసే లాలాజలాన్ని వదులుతూ, చుట్టుపక్కల సన్నని నాళాలు చితికి ఊరిన చిన్న గుంటలోని రక్తాన్నీ, కణజాల ద్రవాన్నీ రోజుల తరబడి పీలుస్తుంది. రక్తనాళంలో ఉన్నవాటి కంటే చర్మపు పొరల్లో తిరిగేవే ఈ గుంటలోకి సులువుగా వచ్చి పడతాయి.

సెర్కోపితిఫైలేరియా పిల్లపురుగులు ఉండేది సరిగ్గా అక్కడే. ఇవి రక్తంలో తిరగవు, చర్మపు పొరల్లో తిరుగుతాయి. పెద్ద పురుగులు చర్మం కింది పొరల్లో ఉంటాయి. దోమ సూదికి ఇవి దాదాపు అందవు, గోమారి గుంటలోకి మాత్రం తేలికగా చేరతాయి. ఆఫ్రికాలో మనుషులకు చూపు పోగొట్టే ఆంకోసెర్కా అనే ఫైలేరియా పురుగు విషయంలోనూ ఇదే పొంతన కనిపిస్తుంది. దాని పిల్లలు కూడా చర్మంలోనే ఉంటాయి, దాన్ని మోసే నల్ల ఈగ కూడా చర్మాన్ని కోసి గుంటలో ఊరిన రక్తమే తాగుతుంది. పురుగు ఉండే చోటుకూ వాహకం తినే తీరుకూ ఇంత దగ్గరి సంబంధం ఉంది.

గోడ పగుళ్ళలో జరిగే కథ

మన ఇళ్ళలో కుక్కలకు పట్టే గోధుమరంగు గోమారిని శాస్త్రవేత్తలు చాలాకాలంగా రైపిసెఫాలస్ సాంగ్వినియస్ అంటున్నారు. మనలాంటి వేడి ప్రాంతాల్లోని శాఖ వేరే జాతి అని తేల్చి, 2021లో దానికి లిన్నేయై అనే పాత పేరును తిరిగి ఇచ్చారు. పేరు ఏదైనా జీవితం ఒకటే. కొన్ని చోట్ల దీన్నే పిడుదు అంటారు. ఇది కీటకం కాదు, సాలీడు, తేలు వంటివాటి చుట్టం.

గుడ్డు నుంచి వచ్చిన లార్వాకు ఆరు కాళ్ళే ఉంటాయి, ఆవగింజ కంటే చిన్నది. అది ఒక కుక్కను పట్టుకుని మూడు నుంచి ఏడు రోజులు రక్తం తాగి రాలిపోతుంది. ఏదో ఒక సందులో దూరి, సుమారు రెండు వారాల్లో తోలు మార్చుకుని ఎనిమిది కాళ్ళ నింఫ్ అవుతుంది. నింఫ్ మళ్ళీ ఇంకో కుక్కను, లేదా అదే కుక్కను, పట్టుకుని ఐదు నుంచి పది రోజులు తాగి, మళ్ళీ రాలి, మళ్ళీ తోలు మార్చి పెద్దదవుతుంది. పెద్ద ఆడ గోమారి మూడోసారి కుక్కను పట్టుకుని, బూడిదరంగు తిరిగిన శనగగింజంత ఉబ్బి, రాలిపోయి, ఒకేచోట కొన్ని వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. జీవితం మొత్తానికి మూడు భోజనాలు. ప్రతి రెండు భోజనాల మధ్యా నేల మీదో, గోడ మీదో కొన్ని వారాలు. ఆహారం దొరకకపోతే పెద్ద గోమారి ఏడాదికి పైగా కూడా అలాగే వేచి ఉండగలదు.

ఈ గోమారికి రాలిన తర్వాత పైకి ఎక్కే అలవాటుంది. నేను చెప్పిన ఆ ఇంట్లో కుక్క పడుకునే మూల ఎదురుగా సున్నం వేసిన గోడకు ఒక పాత క్యాలెండరు వేలాడుతోంది. దాన్ని తీసి చూస్తే వెనక, మేకు చుట్టూ సున్నం పెచ్చు లేచిన చోట, ఉబ్బిన రెండు ఆడ గోమార్లు, వాటి ముందు ముదురు గోధుమరంగు గుడ్ల కుప్ప, పైన సగం విడిచిన పలుచని తోళ్ళు కనిపించాయి. ఆ ఇంటివారు వారానికోసారి కుక్కను శ్రద్ధగా రుద్ది కడుగుతున్నారు. అయినా గోమార్లు ఎందుకు పోవడంలేదో వాళ్ళకు ఆ గోడ చూశాకే తెలిసింది. ఏ సమయంలో చూసినా గోమార్ల సంతతిలో ఎక్కువ భాగం ఉండేది కుక్క ఒంటి మీద కాదు, ఇంటి పగుళ్ళలో.

ఫైలేరియా పురుగు లెక్కంతా ఈ మూడు భోజనాల చుట్టూ తిరుగుతుంది. లార్వా గోమారో నింఫో తాగేటప్పుడు పిల్లపురుగులు దాని లోపలికి వెళతాయి. గోమారి గోడ సందులో తోలు మార్చుకుంటూ ఉండగా లోపల పురుగు కూడా తోలు మార్చుకుంటుంది. గోమారి తన తర్వాతి దశలో మరో కుక్కను పట్టినప్పుడు మూడో దశ పురుగు ఆ గాయం దారిన చర్మంలోకి దిగుతుంది. తల్లి గోమారి నుంచి గుడ్లలోకి ఈ పురుగు వెళ్ళదు. కాబట్టి అప్పుడే గుడ్డు నుంచి వచ్చిన లార్వా ఈ పురుగును ఎవరికీ ఇవ్వలేదు, తీసుకోవడం మాత్రమే చేయగలదు. పెద్ద ఆడ గోమారి పరిస్థితి దీనికి తలకిందులు. దాని చివరి భోజనంలో లోపలికి వెళ్ళిన పిల్లపురుగులకు ముందు దారి లేదు, ఎందుకంటే ఆ గోమారి గుడ్లు పెట్టి చనిపోతుంది. అది ఇవ్వగలదు, కానీ తీసుకున్నది వృథా. తీసుకోవడమూ ఇవ్వడమూ రెండూ చేయగలిగేది నడిమి దశలోని నింఫే. బబీసియాలో ఈ లెక్క చెల్లదు, అది గుడ్ల ద్వారా కూడా పిల్ల గోమార్లకు చేరుతుంది.

ఒకే అరుగు, రెండు కుక్కలు

లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. ఆమదాలవలస దగ్గర ఒక ఊళ్ళో ఒక ఇంటి అరుగు మీద పగలు ఇంటి కుక్క పడుకుంటుంది, రాత్రి వీధికుక్క ఒకటి వచ్చి అక్కడే పడుకుంటుంది. వీధికుక్క చర్మంలో సెర్కోపితిఫైలేరియా పిల్లపురుగులు ఉన్నాయనుకుందాం. జూన్ 1న ఒక లార్వా గోమారి దాని చెవిని పట్టుకుని, పిల్లపురుగులు రెండింటిని మింగి, జూన్ 5న అరుగు మీద రాలి గోడ సందులో దూరింది.

రెండు వారాల తర్వాత, జూన్ 19 ప్రాంతంలో, అది నింఫ్ అయి బయటకు వచ్చింది. కానీ గోమారి లోపల ఈ పురుగు మూడో దశకు చేరడానికి సుమారు నెల పడుతుంది. అంటే జూన్ 20న ఆ నింఫ్ ఇంటి కుక్కను పట్టుకుంటే, లోపల పురుగు ఇంకా సిద్ధం కాలేదు. ఆ కాటుతో ఇంటి కుక్కకు ఫైలేరియా రాదు. నింఫ్ వారం రోజులు తాగి, జూన్ నెలాఖరుకు రాలి, మళ్ళీ సందులో దూరి, జూలై మధ్యలో పెద్ద గోమారి అయింది. ఈలోగా నెల దాటిపోయింది, రెండు పురుగులూ సిద్ధమయ్యాయి. జూలై 20న ఈ పెద్ద గోమారి ఇంటి కుక్కను పట్టుకుంటే అప్పుడు పురుగులు దిగగలవు. ఒకవేళ మొదటి నింఫ్‌కు కుక్క దొరక్క ఇంకో పదిహేను, ఇరవై రోజులు గోడ మీదే ఆగి ఉంటే, ఆ నింఫ్ కాటుతోనే దిగేవి. ఆకలితో ఎక్కువ రోజులు ఆగిన గోమారే ఇక్కడ ఎక్కువ సిద్ధంగా ఉంటుంది.

ఇంతచేసీ ఆ రెండు పురుగుల్లో ఒకటి మగ, ఒకటి ఆడ కాకపోతే, లేదా రెండింటిలో ఒకటి మధ్యలో చచ్చిపోతే, ఇంటి కుక్క చర్మంలో కొత్త పిల్లపురుగులు పుట్టవు. ఒక్క కాటుతో కుక్కకు ఈ పురుగు స్థిరపడడం అంత సులువు కాదని, అదే సమయంలో వేల గోమార్లున్న ఇంట్లో అది ఏమంత కష్టమూ కాదని ఈ లెక్క చెబుతుంది.

పశువుల శాలలోని గోమారి సంగతి వేరు

పల్లెల్లో చాలామంది ఆవుల గోమారి, కుక్కల గోమారి ఒకటే అనుకుంటారు, శాల పక్కనే కుక్క పడుకుంటుంది కాబట్టి అలా అనిపించడం సహజం. కానీ పశువులను ఎక్కువగా పట్టే రైపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే గోమారి లార్వా నుంచి పెద్దదయ్యేదాకా ఒకే పశువు మీద ఉండిపోతుంది, తోలు మార్చుకునేది కూడా అక్కడే. ఒక జంతువు దగ్గర తీసుకున్న పురుగును తర్వాతి దశలో ఇంకో జంతువుకు చేర్చే అవకాశం దానికి సహజంగా ఉండదు. మూడు భోజనాలకు మూడుసార్లు దిగి ఎక్కే అలవాటే కుక్క గోమారిని ఈ పురుగుకు తగిన బండిగా చేసింది.

ఎవరు కనిపెట్టారు, ఎందుకు మరిచారు

రక్తం తాగే జీవులు పురుగుల్ని మోస్తాయన్న జ్ఞానం ఫైలేరియాతోనే మొదలైంది. చైనాలోని అమోయ్ రేవులో పనిచేసిన వైద్యుడు పాట్రిక్ మాన్సన్ 1877లో దోమ శరీరంలో బోదకాలు పురుగు పెరగడం చూశాడు. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ 1897లో దోమలో మలేరియా జీవిని చూడడానికి ఇరవై ఏళ్ళ ముందరి సంగతి ఇది. అయితే మాన్సన్ చివరి మెట్టులో పొరబడ్డాడు. దోమ నీళ్ళలో పడి చస్తే ఆ నీళ్ళు తాగిన మనిషికి పురుగు వస్తుందని అనుకున్నాడు. పురుగు దోమ సూదిలోనే ఉందని, కాటు ద్వారానే దిగుతుందని 1900లో గానీ తేలలేదు.

ఈ పొరపాటును గుర్తుచేయడానికి కారణం ఉంది. గోమార్ల విషయంలో రెండు దారులూ నిజంగానే ఉన్నాయి. హెపటోజూన్ అనే సూక్ష్మజీవి కుక్క తన ఒంటి మీది గోమారిని కొరికి మింగితే వస్తుంది, గోమారి కాటుతో రాదు. ఫైలేరియా మాత్రం కాటుతోనే వస్తుంది. రెండూ ఒకే గోమారి, ఒకే కుక్క, కానీ దారులు వేరు.

కుక్కల చర్మపు ఫైలేరియాను మొదట వర్ణించింది ఇటలీ శాస్త్రవేత్త జొవాన్ని నోయె, 1907లో. తన గురువు గ్రాస్సీ పేరు దానికి పెట్టాడు, అది ఇప్పుడు సెర్కోపితిఫైలేరియా గ్రాస్సీ. 1984లో బ్రెజిల్‌లో దీని మరో జాతిని వర్ణించి, ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఒడీల్ బాన్ గౌరవార్థం బైనే అని పేరు పెట్టారు. ఆ తర్వాత దీర్ఘకాలం వీటిని పట్టించుకున్నవారు లేరు. 2010 తర్వాత దక్షిణ ఇటలీలోని బారి విశ్వవిద్యాలయానికి చెందిన డొమెనికో ఒట్రాంటో బృందం, మరికొందరు, మధ్యధరా ప్రాంతంలో కుక్కల చర్మాన్నీ గోమార్లనూ జాగ్రత్తగా పరిశీలించినప్పుడు ఈ పురుగులు మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. స్పెయిన్, పోర్చుగల్, గ్రీస్ దేశాలలోనూ కనిపించాయి. ఇన్నేళ్ళు కనబడకపోవడానికి అవి లేకపోవడం కారణం కాదు. పశువైద్యులు చూసింది రక్తంలో, అవి ఉన్నది చర్మంలో.

కుక్క ఈగా, గోమారా? తెగని ఒక వాదన

కుక్కలకు వచ్చే ఫైలేరియాలో అకాంతోకైలోనీమా అనే ఇంకో జాతి ఉంది, దీని పిల్లలు రక్తంలోనే తిరుగుతాయి. అందులో రెకాండిటమ్ అనేదాన్ని మోసేవి కుక్క ఒంటి మీద గెంతే ఫ్లీలు, పేలు అని అందరూ ఒప్పుకుంటారు. డ్రాకన్‌క్యులాయిడిస్ అనే రెండోదాని విషయంలోనే పేచీ. ఆఫ్రికాలో పనిచేసినవారు కుక్క ఒంటి మీద అడ్డదిడ్డంగా పరుగెత్తే చప్పిడి కుక్క ఈగను వాహకంగా చూపించారు. స్పెయిన్ పరిశోధకులు గోధుమరంగు గోమారిలోనూ దీని పెరుగుదలను వర్ణించారు. ఒకే పురుగుకు రెండు వాహకాలు ఉండడంలో వింతేమీ లేదు, రెండు చోట్లా కుక్కల మీద దొరికే జీవులు కూడా ఒకే మోతాదులో ఉండవు. అయినా గోమారి లోపల పురుగు కనిపించడం వేరు, ఆ గోమారి దాన్ని ఇంకో కుక్కకు అప్పగించడం వేరు. మింగిన ప్రతి పురుగూ పెరగదు, పెరిగిన ప్రతి పురుగూ దిగదు. వాహకం అని ఖాయంగా అనాలంటే మూడో దశ పురుగు అందులో కనబడాలి, దాని కాటుతో ఆరోగ్యంగా ఉన్న కుక్కకు పురుగు వచ్చినట్టు చూపాలి. ఈ కొలతతో చూస్తే సెర్కోపితిఫైలేరియా విషయంలో గోమారి వాదన గట్టిది, డ్రాకన్‌క్యులాయిడిస్ విషయంలో కుక్క ఈగ వాదన ఎక్కువ నిలుస్తుందని నేను అనుకుంటాను.

ఈ పురుగు కుక్కకు హాని చేస్తుందా?

ఇక్కడ కూడా రెండు పక్షాలున్నాయి, రెండూ వినదగినవే. చర్మంలో ఈ పిల్లపురుగులున్న కుక్కల్లో ఎక్కువ భాగం పైకి ఆరోగ్యంగానే కనిపిస్తాయి. తింటాయి, పరుగెత్తుతాయి, వెంట్రుకలు నిగనిగలాడతాయి. గుండె పురుగుతో దీన్ని పోల్చనే కూడదు. డైరోఫైలేరియా ఇమిటిస్ పట్టిన కుక్క దగ్గుతుంది, రొప్పుతుంది, గుండె దెబ్బతిని చనిపోవచ్చు కూడా. కాబట్టి చర్మపు ఫైలేరియా దాదాపు నిరపాయకరమని ఒక పక్షం అంటుంది.

రెండో పక్షం మరికొన్ని అంశాలను ముందుకు తెస్తుంది. పురుగులున్న చర్మపు ముక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే అక్కడక్కడా వాపు కణాలు చేరి ఉంటాయి. ఎర్రటి పొక్కులతో దురదపడిన కుక్కల్లో, దీర్ఘకాలంగా కీళ్ళు వాచిన కుక్కలో ఈ పురుగులు కనబడిన నివేదికలూ ఉన్నాయి. ఇక్కడొక చిక్కు ఉంది. గోమార్లు ఒంటి నిండా పట్టిన కుక్కకు ఒక్క ఫైలేరియానే రాదు, దానితోపాటు ఎర్లిఖియానో బబీసియానో హెపటోజూనో ఉండే అవకాశం ఎక్కువ. కీళ్ళ వాపుకు ఎర్లిఖియా కూడా కారణం కాగలదు. వీటిలో ఏది దేనికి కారణమో విడదీయడం ఒక కుక్కను చూసి తేల్చగలిగే పని కాదు. పురుగు ఉండడమూ పురుగు వల్ల జబ్బు రావడమూ ఒకటి కాదన్న వివేకాన్ని ఇక్కడ వదలకూడదు. ఆ వివేకం పేరుతో దురదపడే కుక్క చర్మాన్ని పరీక్షించకుండా వదిలేయడమూ సరికాదు.

మన ప్రాంతంలో గోమార్లు పట్టిన కుక్క జ్వరంతో తిండి మాని, చిగుళ్ళు పాలిపోయి, ముక్కు నుంచి నెత్తురు కారితే అందరూ టిక్ ఫీవర్ అంటారు. ఆ లక్షణాలకు కారణం సాధారణంగా ఎర్లిఖియా, బబీసియాలే, చర్మపు ఫైలేరియా కాదు. ప్రాణం మీదికి తెచ్చేవి అవే.

రక్తపరీక్ష కాగితం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

కుక్కకు "ఫైలేరియా లేదు" అని రాసిన రక్తపరీక్ష కాగితాన్ని ఎలా చదవాలన్నది ఇంతవరకు చెప్పినదాన్నిబట్టే తెలుస్తుంది. రక్తంలో పిల్లపురుగులను చూసే మేలైన పద్ధతిని నాట్ పరీక్ష అంటారు. 1 మిల్లీలీటరు రక్తాన్ని 2 శాతం ఫార్మలిన్ 9 మిల్లీలీటర్లలో కలిపి, ఎర్రకణాలు పగిలిపోయాక గిర్రున తిప్పి, అడుగున మిగిలినదానికి నీలిరంగు వేసి చూస్తారు. డైరోఫైలేరియా, అకాంతోకైలోనీమా ఉంటే ఇందులో తేలతాయి. రెండో పద్ధతి చిన్న పట్టీ మీద రక్తపు చుక్క వేసే యాంటిజెన్ పరీక్ష. అది వెతికేది గుండె పురుగు ఆడదాని గుర్తును. సెర్కోపితిఫైలేరియా ఈ రెండింటికీ చిక్కదు. దానికోసం తల మీదో, భుజాల మధ్యో, కొన్ని మిల్లీమీటర్ల చర్మపు ముక్క తీసి సెలైన్‌లో నానబెట్టాలి. కాసేపటికి పిల్లపురుగులు ఆ నీటిలోకి ఈదుకుంటూ వస్తాయి. బైనే పిల్లపురుగు పొడవు 0.2 మిల్లీమీటర్ల లోపు, గ్రాస్సీది 0.5 దాటుతుంది. ఈ కొలతతోనే రెండింటినీ చాలావరకు గుర్తుపట్టవచ్చు.

కాబట్టి ఆ కాగితం అబద్ధం చెప్పదు, కానీ తనను అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. రక్తంలో లేదంటే రక్తంలో లేదనే అర్థం.

డి.ఇ.సి. మాత్రల సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. కుక్క నెత్తుట్లో గుండె పురుగు పిల్లలు ఉండగా ఈ మాత్ర వేస్తే, ఆ పిల్లపురుగులు ఒక్కసారిగా దెబ్బతిని, కుక్క నిమిషాల్లో, గంటల్లో కుప్పకూలిపోవచ్చు, చనిపోవచ్చు. పశువైద్యులు పరీక్ష చేయకుండా ఈ మందు ముట్టుకోకపోవడానికి కారణం అదే. మనుషుల బోదకాలు మాత్ర మోతాదు మనిషి వయసునుబట్టి లెక్కించి ఇస్తారు. అది కుక్కకు ఇచ్చేందుకు ఇంటికి తెచ్చింది కాదు, మిగిల్చి దాచుకోవలసినదీ కాదు. సిబ్బంది తమ ఎదుటే మింగమని అడిగేది అందుకే.

మా వీధి కుటుంబం చివరికి పిల్లల పక్కలు దోమతెరల కిందికి మార్చింది, కుక్కను పశువైద్యుడికి చూపించింది. ఆయన దాని రక్తంలో ఎర్లిఖియా ఉందని మందు రాశారు. క్యాలెండరు ఉన్న గోడకు పగుళ్ళు పూడ్చి సున్నం వేశారు. మరుసటి నెల నేను వెళ్ళినప్పుడు ఆ ఇంటావిడ తలుపు వెనక గడప చెక్కకూ గోడకూ మధ్య ఉన్న సందులోకి టార్చిలైటు వేసి చూపించారు. అక్కడ ఇంకా మూడు నింఫ్‌లు ముందు కాళ్ళు చాచి వేచి ఉన్నాయి.